గోడ మీది మొఖం ఎవరిది?

(పిల్లల బొమ్మల శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇందాక మమ్మల్ని చిత్రకారులని పరిచయం చేశారు. మేం చిత్రకారులం కాదు, బడిపంతుళ్లం. వారమంతా పాఠాలు చెప్పి ఆదివారం పూట గోడలు రాసుకునేవాళ్లం. అంబేడ్కర్ జయంతికి, ఫూలే జయంతికి, ఎక్కడన్నా మనవాళ్ల మీద దాడి జరిగితే ధర్నాకు అట్టల మీద, తెల్లగుడ్డల మీద బొమ్మలేసేవాళ్లం. ఎవరన్నా అడిగితే "మేం ఎక్కడా నేర్చుకోలేదు, దానంతటదే వచ్చింది" అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ మాట తప్పని మాకు ఈ మధ్యనే తెలిసొచ్చింది. ఏ చెయ్యీ దానంతటదే గీత గీయదు. చిన్నప్పుడు ఎవరో ఒకరు దానికి దారి చూపిస్తారు. ఎవరు చూపించారో తెలుసుకోకపోతే ఆ చెయ్యి ఎవరి పని చేస్తున్నదో కూడా తెలియదు. ఆ సంగతే ఇవాళ మాట్లాడదలుచుకున్నాం.

ఒక్కడివే నిలబడి మేం మేం అంటున్నావేందని అనుకోవద్దు. మా వాడలో మా ఈడు పిల్లలందరికీ దాదాపు ఇదే జరిగింది. అందుకే అంటున్నాం.

నిరుడు మా బడిలో ఐదో తరగతి పిల్లలకు కాయితాలిచ్చి "మీ అమ్మ బొమ్మ వెయ్యండి" అన్నాం. అరగంట గడిచినా ఒక పిల్ల ఊరికే కూర్చుని ఉంది. దగ్గరికి పోయి చూస్తే చీర వేసింది, గాజులు వేసింది, నెత్తి మీద పత్తి మూట వేసింది. మొఖం మాత్రం ఖాళీగా వదిలేసింది. ఏమైంది బిడ్డా అంటే "స్కిన్ కలర్ అయిపోయింది సార్, పక్కపిల్ల ఇస్తలేదు" అంది. రంగుల డబ్బాలో లేత గులాబీ ముక్క ఒకటుంటుంది. పిల్లలు దాన్నే చర్మం రంగు అంటారు. "మీ అమ్మ ఆ రంగులో ఉంటదా?" అని అడిగాం. ఆ పిల్ల కాసేపు ఆలోచించి మా వెనక గోడ వైపు వేలు చూపించింది. "మన సావిత్రిబాయి గట్లనే ఉంది గద సార్" అంది.

ఆ గోడ మీది సావిత్రిబాయి ఫూలే బొమ్మ వేసింది మేమే. 1848లో పుణెలో ఆడపిల్లల కోసం బడి తెరిచిన తల్లి. మొఖాన పేడ, మట్టి కొట్టినా బడికి నడవడం మానని తల్లి. ఆమెకు మేం సన్నటి కోటేరు ముక్కు పెట్టాం, గులాబీ చెంపలు పెట్టాం. ఆమె ఏ రంగులో ఉందనేది కాదు ఇక్కడ ప్రశ్న. ఆ గులాబీ రంగు మేం ఆమెను చూసి వేసింది కాదు. మా చెయ్యి అలవాటు కొద్దీ వేసుకుపోయింది. పదేళ్లుగా ఆ గోడ ముందు నిలబడి ప్రార్థన చేసిన మా వాడ పిల్లలు, మనిషి మొఖమంటే ఆ రంగే కాబోలని నేర్చుకున్నారు. మేం నోటితో ఆత్మగౌరవం గురించి చెప్తుంటే మా గోడ ఇంకోటి చెప్తున్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ రంగు, ఈ ముక్కు మా చేతికి ఎక్కడి నుంచి వచ్చాయని వెనక్కి వెతుక్కున్నాం.

మా ఊరు జనగామ తట్టు. మాది మట్టిగోడల ఇల్లు. పండగొస్తుందంటే మా అవ్వ తట్ట పట్టుకుపోయి ఎర్రమన్ను తెచ్చేది. కుండలో నానబెట్టి, పాతగుడ్డతో గోడంతా పూసేది. పూత ఆరినాక సున్నంలో వేలు ముంచి ఆ ఎర్రటి గోడ మీద పట్టీలు, చుక్కలు, గొలుసులు వేసేది. మేం సున్నం ముంత పట్టుకుని పక్కన నిలబడేవాళ్లం. అవ్వ చేతిలో కుంచె లేదు, పెన్సిల్ లేదు. కింద పడ్డ సున్నం చుక్కను కూడా కాలితో అటో ఇటో లాగి ఒక పువ్వు చేసేది. ఒక కొసన మొదలుపెడితే రెండో కొస దాకా వేలు లేపేది కాదు. మధ్యలో ఆపితే ఆరినాక అతుకు కనబడుతుందనేది. తెల్లకాయితం మీద నల్లగీత గీయడం మేం బళ్లో నేర్చుకున్నాం. ఎర్రటి నేల మీద తెల్లగీత గీయడం మాత్రం అంతకు ముందే ఇంట్లో చూశాం.

మా నాయిన చెప్పులు కుట్టేవాడు. మా తాత మోటల కాలంలో తొండాలు కుట్టినవాడు. చెప్పుల కోసం వచ్చిన ఆసామి తోలు మీద కాలు పెడితే, నాయిన బొగ్గు ముక్కతో ఆ కాలి చుట్టూ గీత గీసేవాడు. ఆ గీత వెంట రంపె నడిచేది. రంపె పక్కకు పోతే తోలు దండగ, కూలి దండగ. కాబట్టి గీత ఒకటే ఉండాలి, సరిగ్గా ఉండాలి. రబ్బరు పెట్టి తుడిచి మళ్లీ గీసే వీలు లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాలు పట్టుకుని గీత గీయనిచ్చిన ఆ ఆసామే, పైసలిచ్చేటప్పుడు నాయిన చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచేవాడు. కాలికి లేని అంటు చేతికెట్లా వచ్చిందో మాకు అప్పుడు అర్థం కాలేదు. అడిగితే నాయిన "ఊకో" అనేవాడు.

మూడోది డక్కలివాళ్ల పటం. ఇక్కడి పెద్దలకు ఎరుకే. పిల్లల కోసం చెప్తున్నాం. డక్కలివాళ్లు మాదిగల మీద ఆధారపడి, మాదిగలకు జాంబపురాణం చెప్పే కులం. వాళ్ల దగ్గర పొడుగాటి గుడ్డ చుట్ట ఒకటి ఉంటుంది. దాని మీద ఎర్రటి నేల, వరస కింద వరసగా బొమ్మలు. నకాషీవాళ్లు వేస్తారు వాటిని. చేర్యాల నకాషీ పని ఇవాళ దేశమంతా తెలుసు. గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పట్టించి, ఆరబెట్టి, దాని మీద రంగులు వేస్తారు. మా వాడకు డక్కలివాళ్లు వచ్చినప్పుడు వేపచెట్టు కొమ్మకు పటం వేలాడదీసి, కందిలి వెలుగులో కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. భూమి కంటే ముందు పుట్టినవాడు జాంబవుడు అని పాడేవాళ్లు. పగలంతా ఊళ్లో అందరికీ కింద కూర్చుని వచ్చినవాళ్లం, రాత్రి ఆ పటం ముందు అందరికంటే ముందు పుట్టినవాళ్లమయ్యేవాళ్లం. ఆ పటంలో దూరం దగ్గర అనే లెక్క లేదు. దూరంగా ఉన్న మనిషి చిన్నగా ఉండాలన్న నియమం లేదు. కథలో ముఖ్యమైన మనిషి పెద్దగా ఉంటాడు. గుర్రం కంటే పెద్దగా, చెట్టు కంటే పెద్దగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు.

ఒక్క గీత, ఎర్ర నేల, ముఖ్యమైన మనిషి పెద్దగా. ఈ మూడూ మేం బడికి పోయేనాటికే మా చేతిలో ఉన్నాయి. మాకు తెలియదు అంతే.

పెద్దబడిలో డ్రాయింగు క్లాసు ఉండేది. "మీ ఇల్లు వెయ్యండి" అన్నారు సారు. మేం ముందు కాయితమంతా ఎర్రగా పూసి, దాని మీద సుద్దముక్కతో ఇల్లు గీశాం. ఇంటి ముందు మా అవ్వను ఇంటికంటే పెద్దగా వేశాం. సారు ఆ కాయితం పట్టుకుని క్లాసంతా చూపించారు. "ఇంటికంటే పెద్ద మనిషి ఉంటదారా? రాత్రి యాడ పండుకుంటది?" అన్నారు. అందరూ నవ్వారు. మేం కూడా నవ్వాం. నవ్వకపోతే ఎట్లా? ఆ తర్వాత పెన్సిల్‌తో సన్నగా చిన్న చిన్న గీతలు గీయడం, తుడవడం, మళ్లీ గీయడం నేర్పారు. రైలుపట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరైనట్టు వెయ్యడం నేర్పారు. అవన్నీ పనికొచ్చే విద్యలే, కాదనం. కానీ ఆ విద్య ఇచ్చేటప్పుడు మా చేతిలో అంతకు ముందున్నదాన్ని కింద పారేయించారు. పారేస్తున్నది ఏమిటో మేం కూడా చూసుకోలేదు.

ఖాళీ అయిన చేతిలోకి వేరే బొమ్మలు వచ్చి కూర్చున్నాయి. మొదటిది చందమామ. 1947లో మొదలైన ఆ పత్రిక పాత సంచికలు బడి లైబ్రరీలో ఉండేవి. శంకర్ గారి విక్రమార్కుడు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు. వాటి మీద సన్నకాయితం పెట్టి దించుకునేవాళ్లం. ఆ చేతుల పనితనం గొప్పది. ఇవాళ్టికీ దండం పెడతాం. కానీ ఎన్ని పేజీలు తిప్పినా మా అవ్వ మొఖం మాకు వాటిల్లో దొరకలేదు. రెండోది క్యాలెండరు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టినప్పటి నుంచి దేవుళ్ల రంగు బొమ్మలు చవకై ఇంటింటికీ చేరే దారి పడింది. గుడి మెట్టెక్కనివ్వని దేవుడు క్యాలెండరు మీద మా ఇంటి లోపలికి వచ్చి మేకుకు వేలాడాడు. మా ఎల్లమ్మకు, పోచమ్మకు మొఖమే లేదు. పసుపు పూసిన రాయి, రెండు కుంకుమ బొట్లు. క్యాలెండరులో లక్ష్మికి మాత్రం గులాబీ చెంపలు. అందమైన మొఖం అంటే ఎట్లుంటదో రోజూ పొద్దున లేస్తూనే మాకు ఆ మేకు చెప్పేది. మూడోది సినిమా వాల్‌పోస్టరు. దాని గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

1991లో అంబేడ్కర్ శతజయంతి వచ్చింది. మేం అప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నాం. అంతకు ముందు సంవత్సరమే ఆయనకు భారతరత్న ఇచ్చారు. హాస్టల్ గోడ మీద ఆయన బొమ్మ వెయ్యమని పెద్దపిల్లలు మాకు పని అప్పజెప్పారు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, గోడ మీద పెద్ద గళ్లు గీసి, గడి గడికీ చూసుకుంటూ వేశాం. నీలం కోటు బాగా కుదిరింది. కళ్లద్దాలు కుదిరాయి. మొఖం రంగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తెల్లడబ్బాలో కొంచెం ఎరుపు కలిపింది. మెచ్చుకోనివాళ్లు లేరు. "హీరో లెక్క ఉన్నడు" అన్నారు. ఆ మాటకు మేం పొంగిపోయాం.

1994లో ఈదుముడిలో దండోరా మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో మా ప్రాంతంలోనూ ఊరూరా గోడల మీద డప్పు బొమ్మ వేశాం. ఇక్కడొక విచిత్రం చూడండి. డప్పు మాత్రం ఒక్క గీతతో గుండ్రంగా, పలక మీద తోలు బిగువు తెలిసేటట్టు పడేది. తోలు సంగతి చేతికి తెలుసు కదా. డప్పు కొట్టే చేతులు కూడా బాగానే వచ్చేవి. కానీ డప్పు కొట్టే మనిషి మొఖం సినిమా హీరో మొఖం అయ్యేది. మెడ దాకా మా నాయిన, మెడ పైన ఎవడో. ఆ బొమ్మలు ఎన్ని ఊళ్లల్లో వేశామో లెక్క లేదు. ఒక్కరోజు కూడా ఆ మొఖం మాకు తేడాగా కనబడలేదు.

2011లో ఒక పుస్తకం వచ్చింది. భీమాయణ అని దాని పేరు. అంబేడ్కర్ జీవితాన్ని బొమ్మల్లో చెప్పిన పుస్తకం. బొమ్మలేసింది దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అనే భార్యాభర్తలు. మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండులు. పర్ధానులంటే గోండులకు వాళ్ల పురాణం పాడి వినిపించే కులం. మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. మనకు డక్కలివాళ్లు ఎట్లాగో గోండులకు పర్ధానులు అట్లా అనుకోండి. పాట వినేవాళ్లు తగ్గినాక, 1980ల మొదట్లో జన్‌గఢ్ సింగ్ శ్యాం అనే యువకుడు ఆ దేవుళ్లను, ఆ కథలను కాయితం మీద రంగుల్లో వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన వెంట ఎందరో వచ్చారు. ఆయన మాత్రం 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో పని చేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

బొమ్మల కథలంటే గళ్లు ఉంటాయి. ఒక గడి తర్వాత ఒక గడి. భీమాయణ వేసినవాళ్లు తమ మనుషుల్ని గళ్లల్లో పెట్టేది లేదన్నారు. పెడితే ఊపిరాడదన్నారు. గడికి బదులు దిగ్న వేశారు. దిగ్న అంటే గోండు ఇళ్లల్లో గోడలకు, నేలకు ఆడవాళ్లు వేసే పట్టీల ముగ్గు. దుర్గాబాయి చిన్నతనంలో ఇంట్లో నేర్చుకున్నది అదే. ఆ పట్టీ పేజీ మీద వంకర్లు తిరుగుతూ పోతుంటే ఒకవైపు మహర్ పిల్లవాడైన భీముడు దాహంతో నిలబడి ఉంటాడు. ఇంకోవైపు నీళ్లుంటాయి. రైలు పాములా ఉంటుంది. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కేవాళ్ల మాటలకు తేలు తోక ఉంటుంది. మా స్నేహితుడొకరు తెచ్చి చూపిస్తే ఆ పుస్తకం ముందు చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ ముగ్గు పట్టీలు మాకు తెలుసు. మేం సున్నం ముంత పట్టుకుని నిలబడ్డది ఆ పట్టీల పక్కనే. ఆమె తన తల్లుల గోడను పుస్తకంలోకి తెచ్చుకుంది. మేం మా అవ్వ గోడ మీద గులాబీ రంగు పూశాం.

చూసి కూడా మేం వెంటనే మారలేదు. అది కూడా దాచుకోం. 2011 తర్వాతే కదా బడి గోడ మీద ఆ సావిత్రిబాయిని వేసింది! తెలిసినా చెయ్యి పాత దారినే పోయింది. చిన్నప్పుడు పడ్డ దారి అంత బలమైంది. ఐదో తరగతి పిల్ల వేలు చూపిస్తే గానీ చెయ్యి ఆగలేదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. "మీరు మళ్లీ కులవృత్తిని పొగుడుతున్నారు. రంపె, లంద, తొండం అని పాటలు పాడితే మన పిల్లలు మళ్లీ అక్కడికే పోవాలా?" అని. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. నాయిన పని మా పిల్లలకు వద్దు. లంద వాసన, పైనుంచి జారవిడిచే పైసలు ఏ పిల్లకూ వద్దు. ఆ పని వదిలిపెట్టే హక్కు కోసమే మన పోరాటమంతా. కానీ ఆ పని చేస్తూ నాయిన చెయ్యి సంపాదించిన నిదానం ఉంది చూడండి, ఒక్క గీతలో కాలి కొలత పట్టే చూపు, అది విద్య. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి అది విద్య కాకుండా పోదు. పని వదులుకుందాం. విద్య ఎందుకు వదులుకోవాలి?

ఇంకొక మాట. ఇది మనల్ని మనం అడగాల్సింది. మొన్న ఈ శిబిరానికి డక్కలి పెద్దమనిషి ఒకాయన వచ్చి పటం విప్పారు. పిల్లలంతా నోరు తెరుచుకుని చూశారు. మధ్యాహ్నం బువ్వలప్పుడు చూస్తే ఆయన లేరు. బయట చెట్టు కింద తువ్వాల పరుచుకుని కూర్చున్నారు. "లోపలికి రండి పెద్దయ్యా, అందరితోటి తిందురు" అంటే "మాకు అలవాటు లేదయ్యా" అన్నారు. ఆ అలవాటు ఎవరు చేశారు? ఏ బాపనాయనో, ఏ దొరో కాదు. మనమే చేశాం. వేపచెట్టుకు పటం కట్టించుకుని, మన పుట్టుక గొప్పదని ఆయన నోటితో పాడించుకుని, గడప దాటనివ్వకుండా దూరం నుంచి బువ్వ పెట్టినవాళ్లం మనమే. మా నాయిన చేతిలో పైసలు పైనుంచి పడ్డప్పుడు మాకు మండింది. డక్కలాయన గిన్నెలో బువ్వ పైనుంచి పడ్డప్పుడు మాకు ఏమీ అనిపించలేదు. మా గీతకు గురువు ఆయన. గురువును ఇన్నేళ్లు వాకిట్లో నిలబెట్టాం. ఆ రోజు మేం కొంతమందిమి కంచాలు పట్టుకుని ఆ చెట్టు కిందికే పోయి ఆయన పక్కన కూర్చుని తిన్నాం. దాంతో తీరిపోయేది కాదు ఇది. ఆయన లోపలికి వచ్చి మన మధ్యన కూర్చునే దాకా తీరదు.

సావిత్రిబాయి గోడ సంగతి చెప్పి ముగిస్తాం. వేసవి సెలవుల ముందు పిల్లలతో కలిసి ఆ పాత బొమ్మ గీకేశాం. గోడకు ఎర్రమన్ను పూశాం. ఎర్రమన్నులో బొగ్గుపొడి, కొంచెం పసుపు కలిపితే ఎన్ని రకాల మనిషి రంగులు వస్తాయో పిల్లలే కనుక్కున్నారు. ఒక్కొక్కరూ తమ ముంజేయి గిన్నె పక్కన పెట్టి కలుపుకున్నారు. సావిత్రిబాయిని బడికంటే పెద్దగా వేశాం. గీత ఒక్కటే, తుడవలేదు. ముక్కు కొంచెం వంకర పోయింది. అట్లనే ఉంచాం. ఆ ఐదో తరగతి పిల్ల తన కాయితం తెచ్చుకుని అదే గిన్నెలో వేలు ముంచి వాళ్లమ్మ మొఖం నింపింది. పక్కపిల్లను ఏమీ అడగలేదు.

పిల్లలారా, మీరు ఇళ్లకు పోయినాక ఒక పని చెయ్యండి. మీ అవ్వను, అమ్మమ్మను కూర్చోబెట్టి, చిన్నప్పుడు గోడలకు ఏం వేసేవాళ్లో ఒక కాయితం మీద వెయ్యమనండి. రాదు, మరిచిపోయిన అంటారు. వదలకండి. వేలు అందుకుంటుంది. పెద్దలారా, మీరు జయంతికి బొమ్మ వేసేటప్పుడు మొఖం దగ్గరికి వచ్చేసరికి ఒక్క నిమిషం కుంచె ఆపండి. ఈ రంగు ఎక్కడిదని అడగండి. ఈ ముక్కు ఎవరిదని అడగండి. జవాబు దొరికినాక వెయ్యండి.

జై భీం.